చెయ్యి వెయ్యని పట్టు

వానలకు కరువున్నా బిరుదులకు కరువు లేని ఒకానొక రాజ్యంలో బయ్యపరాజు అనే రాజు ఉండేవాడు. మూలకొండ ఆయన కోట. ఆయన యుద్ధం చేసిందీ లేదు, ఓడిందీ లేదు. అయినా ప్రతి దసరాకూ ఒక కొత్త బిరుదు వచ్చి ఆయన పేరు ముందు కూర్చునేది. పొరుగు రాజ్యం మేకలు పొలిమేర దాటి వస్తే అదిలించి పంపినందుకు "పరసైన్య విద్రావణ" అయ్యాడు. ఎండాకాలంలో ఏటిని నడిచి దాటినందుకు "సాగరోల్లంఘన" అయ్యాడు. వేటలో అడవిపంది తనంతట తానే గోతిలో పడి చస్తే, ఆ గోతి గట్టున నిలబడినందుకు "వరాహమర్దన" అయ్యాడు.

ఈ బిరుదులన్నిటినీ కొలువులో గొంతెత్తి చదివే పని కొమ్మసానిది. తండ్రి గొంతు పోయాక ఆ పని కూతురు అందుకుంది. ఆడది బిరుదులు చదవడమేమిటని మంత్రి తిప్పరుసు మొదట్లో సణిగాడు. ఒకరోజు ఆమె నిండు కొలువులో మంత్రిగారి వంశాన్నే పొగడడం మొదలుపెట్టి, ముత్తాతగారి దగ్గర ఆగి, ఇక్కడినుంచి వివరంగా చెప్పనా, పైపైన చెప్పనా అని వినయంగా అడిగింది. ఆ తరువాత ఆయన సణగలేదు.

నిజానికి ఆ రాజ్యానికి నాలుగు చోట్లా పేరు తెచ్చినవి బిరుదులు కావు, సాము గరిడిలో పెరిగిన జెట్టీలు. వాళ్ల మల్లయుద్ధంలో గుద్దులూ తన్నులూ తక్కువ. పట్టు ముఖ్యం. మనిషి ఒంట్లో నరం ఎముకను ఒరుసుకుంటూ పోయే చోట్లు కొన్ని ఉన్నాయి. చెవి కింద, మెడకూ భుజానికీ నడుమ, మోచేతి లోపల, మోకాటి వెనుక. జెట్టి తన ముంజేతి ఎముకను అక్కడ ఆనించి బిగించాడంటే ఎంతటి కొండలాంటివాడైనా పసిబిడ్డయిపోతాడు. వీటినే మర్మపట్లు అనేవారు.

పట్టుకు చిక్కినవాడు ఇక చాలనుకుంటే అరచేత్తో నేల చరుస్తాడు. చరిచిన మరుక్షణం పట్టినవాడు వదలాలి. వదిలి, చెయ్యి అందించి లేపాలి. "చరిచినవాడికి చెయ్యి, చరిచాక వదలనివాడికి చెప్పు" అని గరిడిలో ఒక మాట. తొడ చరిచి గోదాలోకి దిగడం ఎంత మర్యాదో, నేల చరిచి పైకి లేవడమూ అంతే మర్యాద.

ఈ మర్యాదే రాజుగారికి గిట్టలేదు. కిందటేడు పొరుగు రాజ్యపు జెట్టి చేతిలో తన జెట్టి ఒకడు నేల చరిచినప్పుడు, ఆ దెబ్బ తన చెంప మీదే పడినట్టు ఉలిక్కిపడ్డాడు. మర్నాడు చాటింపు వేయించాడు. నొప్పి ఒంట్లో లేదు, మనసులో ఉంది. మనసు గట్టివాడు చరవడు. మూలకొండ ఉప్పు తిన్న జెట్టి ఎవడైనా ఇకమీదట నేల చరిస్తే వాడికి దేశబహిష్కారం.

చాటింపు తరువాత జరిగిన మొదటి కుస్తీలో ఓబన అనే పడుచు జెట్టి భుజం పట్టుకు చిక్కాడు. చరవలేదు. ఎదుటివాడు ఆ చరుపు కోసం చూస్తూ చూస్తూ బిగిస్తూనే ఉన్నాడు. చివరికి ఓబన కళ్లు తేలేశాడు. రాజుగారు లేచి నిలబడి శభాషంటూ తన మెడలోని హారం తీసి అతని మెడలో వేశాడు. తెలివి వచ్చాక ఓబన ఆ హారాన్ని తాకి చూసుకోబోయాడు. కుడిచెయ్యి లేవలేదు. ఆ తరువాత కూడా లేవలేదు.

ఈ దసరాకు సింగన వంతు వచ్చింది. సింగన రాజ్యంలోకెల్లా పెద్ద జెట్టి. అతడు గోదాలోకి దిగితే పిల్లలు తండ్రుల భుజాలెక్కి చూసేవారు. పొరుగు రాజ్యపు జెట్టి అతని కాలు దొరకబుచ్చుకుని, మోకాటి వెనుక ముంజెయ్యి దూర్చి, పిక్కను దానిమీదికి మడిచి అదిమాడు. సింగన కాసేపు పెనుగులాడాడు. తరువాత తల తిప్పి, జనంలో కూర్చున్న ఓబన వైపు ఒక్క చూపు చూశాడు. చూసి, నేల చరిచాడు.

మర్నాడు మహానవమి. ఆనాటి కొలువులోనే శిక్ష చెబుతారనీ, పొద్దు కుంకేలోగా సింగన ఆలుబిడ్డలతో పొలిమేర దాటాలనీ తెల్లవారేసరికే ఊరంతా తెలిసిపోయింది.

కొమ్మసాని పొద్దున్నే గరిడికి వెళ్లింది. సింగన గోదా మట్టిని గుప్పెడు తీసి పైగుడ్డ కొంగులో మూట కట్టుకుంటున్నాడు. నూనె, పసుపు, మజ్జిగ పోసి తరాలుగా పిసికిన మట్టి అది. ఎక్కడికి పోతే అక్కడ కొంచెం కలుపుకుంటానక్కా అన్నాడు, పెరుగు తోడు అడిగినంత మామూలుగా.

చాటింపు తెలిసి కూడా ఎందుకు చరిచావని ఆమె అడిగింది.

"ఓబన అన్నం తినడం చూశావా అక్కా?" అన్నాడు సింగన. "కంచం ముందు కూర్చుంటాడు. వాళ్లావిడ కలిపి నోట్లో పెడుతుంది. పెడుతున్నంతసేపూ వాడు గోడకేసి చూస్తాడు. నాకు దేశం పోతే ఇంకో దేశం ఉంది. కాలు పోతే ఇంకో కాలు లేదు."

పట్టు పడ్డప్పుడు ఎలా ఉంటుందని ఆమె మళ్లీ అడిగింది. సింగన తన పిక్కను రాసుకుంటూ చెప్పాడు. ముందు నిప్పు పెట్టినట్టుంటుంది. తరువాత చీమలు పాకుతాయి. ఆ తరువాత ఏమీ ఉండదు.

"ఆ ఏమీ లేకపోవడమే భయం. నిప్పు ఉన్నంతసేపూ కాలు మనదే. ఆ సంగతి రాజుగారికి ఎవరు చెబుతారు?"

చెబితే వినే చెవులు కావవి, చూద్దాంలే అని ఆమె లేచింది. అయినా దారి పొడుగునా ఆ మూడు మాటల్నే నెమరేసుకుంటూ కోటకు వెళ్లింది. నిప్పు. చీమలు. ఏమీ లేదు.

కొలువు తీరింది. బయ్యపరాజు పండగ నగలన్నీ దిగేసుకుని, కదిలే బంగారు గోపురంలా వచ్చి సింహాసనం మీద కూర్చున్నాడు. సింగనను తెచ్చి మెట్ల కింద నిలబెట్టారు. తిప్పరుసు శిక్ష చదవడానికి గొంతు సవరించుకున్నాడు.

కొమ్మసాని ముందుకు వచ్చి, ఒక సందేహం తీర్చి మరీ శిక్ష వేయమని వేడుకుంది. రాజుగారు తల ఊపాడు.

"ప్రభూ, నొప్పి మనసులోనే ఉంటుందన్నారు. అంటే సింగనది బలహీనమైన మనసు. మరి ఈ కొలువులో గట్టి మనసు ఎవరిది?"

అదేం ప్రశ్న అన్నట్టు రాజు మీసం మీద చెయ్యి వేశాడు. సభంతా ఆయనవైపే చూసింది. తిప్పరుసయితే చూపుడువేలుతో చూపించాడు కూడా.

"సింగన బదులు ఆ గోదాలో నేనుంటే చరిచేవాణ్ణా?" అన్నాడు రాజు.

"చరిచేవారు ప్రభూ."

వింజామరలు వీచేవాళ్ల చేతులు ఆగిపోయాయి. రాజు మొహం ముందు ఎర్రబడి, తరువాత చిరునవ్వులోకి దిగింది. ఇంతమాట అన్నదాన్ని ఊరికే దండిస్తే ఏం సరదా? నన్ను పట్టే మొనగాడు ఎక్కడున్నాడో చూపించమన్నాడు.

"మొనగాడు అక్కర్లేదు. తమ ఒంటిమీద ఒక్క చెయ్యి పడదు. తమరు సింహాసనం దిగనూ అక్కర్లేదు. కొలువు ముగిసేలోగా తమంతట తామే చరుస్తారు. అలా జరిగితే సింగన ఇక్కడే ఉంటాడు, ఆ చాటింపు ఉండదు. జరగకపోతే సింగనతో పాటు నేనూ పొలిమేర దాటుతాను."

సింగన వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆమె అటు చూడలేదు. రాజుగారు ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, తెలివిగలవాడు గనుక జాగ్రత్తపడ్డాడు. మెట్ల దగ్గరికి ఎవరినీ రానివ్వవద్దని భటులకు చెప్పాడు. వింజామరలవాళ్లను కూడా దూరం పొమ్మన్నాడు. ఆసనం కింద ముళ్లేమైనా ఉన్నాయేమోనని తిప్పరుసు స్వయంగా వంగి తడిమి చూశాడు. తాంబూలం కూడా వెనక్కి పంపేశారు. అంతా అయ్యాక, ఇక నీ పట్టేమిటో మొదలుపెట్టమన్నాడు రాజు.

తొందరేముంది ప్రభూ, ఇవాళ మహానవమి, ముందు బిరుదావళి చదవాలి కదా అంది కొమ్మసాని.

బిరుదావళి మాట వినగానే రాజుకు పందెం మాట సగం మరుపుకొచ్చింది. వెంటనే వీరాసనం వేశాడు. అంటే, ఎడమకాలు మడిచి తొడ కిందికి తోసి, ఒంటి బరువంతా దానిమీద వేసి, కుడికాలు పాదపీఠం మీద ఆనించి, చేతులు రెండూ సింహాసనపు సింహాల తలల మీద పెట్టి నిటారుగా కూర్చోవడం. ఆయన తాతగారు తన శాసనం పక్కన అలాగే చెక్కించుకున్నాడు. అంతేకాదు, ఒక కట్టడి కూడా చేసిపోయాడు. బిరుదు చదువుతుండగా రాజు కదిలితే, పెదవి కదిపినా సరే, ఆ బిరుదు ఆయనకు చెల్లదు. తనకు తగనిదైతేనే మనిషి ఇబ్బందిగా కదులుతాడని ఆ పెద్దాయన నమ్మకం.

రాజుకు తెలియని సంగతి ఒకటుంది. ఇన్నేళ్లుగా కొమ్మసాని ఆ బిరుదావళిని గబగబా, నడుమ నడుమ మింగేస్తూ చదివేది. ఆయన మడమ ఎప్పుడు మెలి తిరుగుతుందో ఓరకంట చూసుకుని ముగించేది. కదలకుండా కూర్చోవడం తన వీరత్వమేనని ఆయన అనుకునేవాడు.

ఆ రోజు ఆమె ఒక్క అక్షరం కూడా మింగలేదు.

"పరసైన్య విద్రావణ" అని గొంతెత్తి, ఆ మేకల మందను పేరు పేరునా వర్ణించింది. వాటి కొమ్ముల వంపును వర్ణించింది. ప్రభువుల అదిలింపుకు అవి వెనుదిరిగిన తీరును దీర్ఘాలు తీసి చెప్పింది. సభ మురిసిపోయింది. రాజూ మురిసిపోయాడు.

"సాగరోల్లంఘన" దగ్గర ఏటిలోని ఇసుకను, గులకరాళ్లను, మోకాలిదాకా రాని ఆ నీటిని వర్ణించింది. అక్కడ రాజు కనుబొమల నడుమ ఒక చెమట చుక్క పుట్టింది. నిప్పు, అనుకుంది కొమ్మసాని మనసులో.

"వరాహమర్దన" అంటూ గోతిలోకి దిగి, పంది వెంట్రుకలనుంచి మొదలుపెట్టేసరికి రాజు మీసం కొస అదరడం మొదలైంది. చీమలు వచ్చాయి.

బయ్యపరాజు బుద్ధిహీనుడు కాడు. మడిచిన కాలిలో ఏం జరుగుతోందో, ఈ ఆడది ఏం చేస్తోందో అప్పటికి ఆయనకు తెలిసిపోయింది. కానీ ఏం చేయగలడు? కదిలితే బిరుదు పోతుంది. ఏ బిరుదు పోతే ఫరవాలేదా అని లోలోపల వెతుక్కున్నాడు. "తాంబూల చర్వణ దక్ష" అని ఒక చిన్న బిరుదు ఉంది, ఎవరో చుట్టం ముచ్చటపడి ఇచ్చింది. అది రాగానే చప్పున కాలు తీసేసుకుందామని కాచుకుని కూర్చున్నాడు. కొమ్మసాని ఆ కాపు కనిపెట్టింది. ఆ చిన్న బిరుదును చివరికి నెట్టేసి, పెద్దవాటినే ఒకదాని వెనుక ఒకటి దింపింది. సమరభైరవ. దిగ్విజయ ధురంధర. ధరణీ భారవహ. వదులుకోవడానికి మనసొప్పే బిరుదు ఒక్కటీ రాలేదు.

రాజు కళ్లతో మంత్రికి సైగ చేశాడు. ఆ కళ్లలో నీళ్లు తిరుగుతుండడం చూసి తిప్పరుసు అది ఆనందబాష్పమనుకున్నాడు. తానూ ఉత్తరీయంతో కళ్లు ఒత్తుకుని, ఇంకా విశదంగా చదవమని కొమ్మసానికి చేత్తో సంజ్ఞ చేశాడు. ఆ క్షణంలో బయ్యపరాజు తన మంత్రిని చూసినట్టు ఏ శత్రువునూ ఎన్నడూ చూడలేదు.

చీమలు కూడా పోయాయి. మోకాటి కింద ఏమీ లేదు. రాజు ఇక బిరుదూ వద్దు ఏమీ వద్దనుకుని కాలు లాక్కోబోయాడు. కాలు మాట వినలేదు. మరోసారి మనసు బిగబట్టి ఆజ్ఞాపించాడు. రాజాజ్ఞకు ఆ కాలు ఏ మాత్రం విలువ ఇవ్వలేదు. కాలు నిజంగా పోయిందేమోనన్న భయం వెన్నులోంచి పైకి పాకింది.

కొమ్మసాని అప్పటికి అన్నిటికంటే పెద్ద బిరుదుకు వచ్చింది.

"వజ్ర..."

ఫెళ్ళుమంది. రాజుగారి అరచెయ్యి సింహం తల మీద పడింది. మళ్లీ పడింది.

కొమ్మసాని నోరు అక్కడికక్కడే ఆగిపోయింది. "కాయ" అన్న రెండక్షరాలూ నాలుక మీదే ఉండిపోయాయి. చరిచిన మరుక్షణం వదలాలి కదా.

అందరికంటే ముందు తేరుకున్నది రాజే.

"మెచ్చుకోలుగా చరిచాను" అన్నాడు. "బాగా చదువుతుంటే ఎవరైనా చరుస్తారు."

"ధన్యురాలిని ప్రభూ" అని కొమ్మసాని చేతులు జోడించింది. "మెచ్చుకోలే అయితే మళ్లీ వీరాసనంలో ఉండండి. చదవవలసింది ఇంకా సగం ఉంది. లొంగుబాటయితే చెప్పండి, ఆపేస్తాను."

బయ్యపరాజు ఆమె వైపు చూశాడు. మిగిలిన సగం వైపు చూసినట్టే చూశాడు. అటు వెళ్తే కాలు లేదు, ఇటు వస్తే మాట లేదు.

"ఆపెయ్యి" అన్నాడు నెమ్మదిగా. "లొంగుబాటే."

మెట్ల కింద నిలబడ్డ సింగన ఎవరూ పిలవకుండానే పైకి నడిచాడు. భటులు బల్లేలు అడ్డం పెట్టబోతే రాజే వదలమన్నాడు. సింగన ఆయన కాలును రెండు చేతులా మెల్లగా ఎత్తి, చాపి, తన ఒళ్లో పెట్టుకుని మోకాటి వెనుక బొటనవేళ్లతో నిమిరాడు. ముందు చీమలు తిరిగి వస్తాయి ప్రభూ, ఓర్చుకోండి, వస్తే మంచిదే అన్నాడు.

చీమలు వచ్చాయి. ఒకటీ రెండూ కాదు, పుట్టలు పుట్టలుగా వచ్చాయి. కాలికెక్కిన తిమ్మిరి దిగేటప్పుడు మనిషి ఏమవుతాడో మనందరికీ తెలుసు, దానికి రాజని లేదు. బయ్యపరాజు పళ్లు బిగించాడు, మీసం కొరికాడు, సింగన భుజం గుప్పిట పట్టాడు. చివరికి ఆగలేక పకపకా నవ్వేశాడు. కిరీటం పక్కకు జారింది. కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి. అది నవ్వో ఏడుపో తెలియక సభ బిక్కమొహం వేసింది. తిప్పరుసు మాత్రం ఏదైతేనేం అని రెండిటికీ పనికొచ్చే మొహం పెట్టుకుని కూర్చున్నాడు.

నవ్వు ఒక దారికి వచ్చాక రాజు సింగనను అడిగాడు. నిన్న పట్టు పడ్డప్పుడు ఇలాగే ఉందా అని.

"ఇలాగే ప్రభూ. కాకపోతే నేను చీమల దగ్గరే చరిచాను. తమరు ఏమీ లేనిదాకా ఆగారు. తమరే గట్టివారు."

రాజు మొహంలోని నవ్వు కొంచెం తగ్గింది. చరవకుండా ఆగినవాడు మరొకడున్నాడు కదా, వాడి చెయ్యి ఎలా ఉందని అడిగాడు. అడగడం అదే మొదటిసారి. నూనె రాసి రోజూ మర్దన చేస్తున్నాం, మెల్లగా రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నాడు సింగన. బయ్యపరాజు కాసేపు తన కాలివేళ్లను ఒక్కొక్కటే కదిపి చూసుకున్నాడు. అన్నీ కదిలాయి.

ఆ తరువాత గొంతు ఒక్కసారి సవరించుకుని, మంత్రి చేత కాకుండా తానే ఆజ్ఞ చెప్పాడు. చాటింపు రద్దు. గోదాలో నేల చరవడం జెట్టి హక్కు, దాన్ని ఎగతాళి చేసినవాడికే శిక్ష. కోట గరిడికి ఇకనుంచి ఓబన గురువు. చెయ్యి వస్తే చేత్తో నేర్పుతాడు, రాకపోతే నోటితో నేర్పుతాడు, ఎప్పుడు చరవాలో అతడికంటే బాగా చెప్పగలవాడు లేడు. ఇక సింగన ఆ మట్టి మూట విప్పి ఎక్కడిది అక్కడ కలిపేసి రావాలి.

బయట గుమిగూడిన జెట్టీలకు ఈ మాట చేరేసరికి కోట గోడలు అదిరేటట్టు తొడలు చరిచారు. ఆ చప్పుడు విని పావురాలు ఎగిరిపోయాయి. సింగనకు కన్నీళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు, రాజుగారి కాలు ఇంకా ఒళ్లోనే ఉంది.

తిప్పరుసు లేచి మెల్లగా విన్నవించాడు. "వజ్రకాయ" దగ్గర ప్రభువులు కదిలారు గనుక, తాతగారి కట్టడి ప్రకారం...

"కొట్టెయ్" అన్నాడు రాజు. "దానితోపాటు మేకలూ ఏరూ పందీ కూడా కొట్టెయ్. కాలు మడిచి ఒక్క గుక్కలో వినగలిగినన్నే ఉంచు."

అప్పుడు ఆయన కొమ్మసానిని దగ్గరికి పిలిచాడు. చెయ్యి వెయ్యకుండా రాజును పట్టినవాళ్లు ఈ వంశచరిత్రలో లేరనీ, ఇంతటి దానికి తగిన సత్కారం చెయ్యకపోతే తనకు నిద్ర పట్టదనీ అన్నాడు. ఆలోచించి ఆలోచించి, మొహం వికసించి, నీకు ఒక గొప్ప బిరుదు ఇస్తానన్నాడు.

కొమ్మసాని రెండడుగులు వెనక్కి వేసింది.

"వద్దు ప్రభూ. అది చదివేటప్పుడు నేను కదలకుండా కూర్చోవాలి."

బయ్యపరాజు మళ్లీ నవ్వాడు. ఈసారి చీమల నవ్వు కాదు, కడుపులోంచి వచ్చిన నవ్వు. నవ్వుతూనే తన చేతి బంగారు కంకణాలు రెండూ తీసి ఆమెకు తొడిగించి, సింగన భుజం ఆసరాతో లేచి, రెండు కాళ్ల మీదా నిలబడి ఆమెకు నమస్కరించాడు.